మీ కళ్ళు బాగానే ఉన్నాయి, గీతలే వంకర

"మీ నంబరు ఇంకా రాలేదా? అయితే ఈ కొస కాస్త పట్టుకోండి."

ఆమె నాతో అన్న మొదటి మాట ఇదే. కుర్చీ మీద నిలబడి ఉంది. పళ్ళ మధ్య మేకు పెట్టుకుని, దాన్ని తియ్యకుండానే మాట్లాడుతోంది. ఒక చేతిలో సుత్తి. రెండో చేత్తో తలుపంత బొమ్మని గోడకి అదిమిపెట్టింది. అది ఏ క్షణాన నా నెత్తిన పడుతుందో తెలియదు.

పట్టుకున్నాను. పొద్దుటి నుంచి తెరిపి లేకుండా పేషెంట్లని చూసి, సగం తిన్న శాండ్‌విచ్‌తో కాఫీ కోసం బయటికి వచ్చినవాణ్ణి. కాదనడానికి కూడా ఓపిక ఉండాలి కదా!

"మీ కళ్ళేంటి అంత ఎర్రగా ఉన్నాయి?" అంది కిందికి చూసి. "తొందరగా చూపించుకోండి. కాకపోతే ఈ డాక్టరు కోసం కూర్చుంటే ఊరు తెల్లారుతుందట. మనిషి మంచివాడేగానీ నత్తట."

"నత్తా?"

"నేనన్లేదు. ఆ నీలం స్వెట్టరు ఆవిడ అంది."

నీలం స్వెట్టరు మిసెస్ బొండార్ వెంటనే పత్రిక వెనక దాక్కుంది. పత్రిక తలకిందులుగా ఉంది.

"ఇంకొంచెం పైకి... అబ్బ, ఆ వణుకేంటండీ! పొద్దుట్నుంచి ఏమైనా తిన్నారా లేదా?"

"తింటున్నాను," అని శాండ్‌విచ్ చూపించాను.

అప్పుడే రిసెప్షన్ బల్ల వెనక నుంచి డోరీన్ కేకేసింది. "డాక్టరుగారూ! మూడో గదిలో ఆయనకి చుక్కల మందు వేసి గంట కావస్తోంది. కంటిపాప పెద్దదై పెద్దదై, ఇక మొహమంతా కన్నే మిగులుతుంది!"

కుర్చీ మీది అమ్మాయి నోట్లోంచి మేకు జారి నా శాండ్‌విచ్ మీద పడింది.

"మీరేనా డాక్టరు?"

"అవును. నత్తని."

ఆమె మొహం ఎర్రబడింది. అయినా బొమ్మ వదల్లేదు. "సరే, వచ్చారు కదా, ఇంకొక్క నిమిషం పట్టుకోండి. రసమట్టం పెట్టి చూడాలి," అంది.

అలా నవంబరు నెలలో, బయట మంచూ వానా కలిసి కురుస్తున్న మధ్యాహ్నం, ఐలా కోర్పి నా వెయిటింగ్ హాల్లోకి ఆధునిక చిత్రకళని తెచ్చింది.

నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. మా థండర్ బేలో ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు, డోరీన్‌ని తప్ప. ఈ ఉత్తర ఒంటారియోలో కళ్ళ డాక్టర్లకన్నా అడవి దుప్పులు ఎక్కువ. జనం ఎక్కడెక్కడి నుంచో మంచులో కారు నడుపుకుంటూ వస్తారు, గంటలకొద్దీ కూర్చుంటారు, నన్నేమీ అనలేక డోరీన్‌ని దులిపేస్తారు. ఆ హాల్లో అప్పటిదాకా కంటిగుడ్డుని నిలువునా కోసిన పటం ఒకటి, నీటిబాతు బొమ్మ ఒకటి ఉండేవి. ఆ బాతు కూడా విసిగిపోయినట్టే చూసేది.

"రోజూ తిట్లు తినే ఓపిక నాకు లేదు నాయనా," అని డోరీన్ తేల్చేసింది. "గోడ మీద అర్థం కానిది ఏదైనా పెడితే, దాన్ని తిడతారు. నన్నొదిలేస్తారు."

ఊళ్ళో ఆర్ట్ గ్యాలరీ వాళ్ళు ఆఫీసులకి బొమ్మలు అద్దెకిస్తారు. సీజనుకోసారి వచ్చి పాతవి తీసుకెళ్ళి కొత్తవి తగిలిస్తారు. ఆ పని చేసేది ఐలా. బొమ్మల లారీ నడిపేదీ ఆమే, మేకులు కొట్టేదీ ఆమే, సాయంత్రాలు పిల్లలకి బొమ్మలు నేర్పేదీ ఆమే.

డోరీన్ ఎత్తు పారింది. మొదటి బొమ్మ పసుపుపచ్చ రంగు, మధ్యలో నల్లటి మచ్చ. అంతే.

"మా మనవడు ఇంతకన్నా బాగా వేస్తాడు," అన్నాడొకాయన.

"మావాడు వెయ్యడు. వాడికి ఈ మచ్చ పెట్టడానిక్కూడా బద్ధకమే," అంది మిసెస్ బొండార్.

"మాడిపోయిన ఆమ్లెట్."

"కాదు, సూర్యుడు."

"మీకెవరికీ తెలీదు. అది మా మొదటి మొగుడు," అంది మూలనున్న ముసలావిడ. హాలంతా నవ్వు. లోపల ఒకరి కంట్లోకి లైటు వేస్తున్న నేను చెయ్యి ఆపి విన్నాను. నా క్లినిక్‌లో నవ్వు విని ఎన్నాళ్ళయిందో!

సీజనుకోసారి రావలసిన మనిషి వారానికోసారి రావడం మొదలుపెట్టింది. బొమ్మ పక్కకి ఒరిగిందేమో చూడాలట. రసమట్టం పెట్టేది, అందులోని బుడగ సరిగ్గా మధ్యలో నిలిచేది.

"సరిగ్గానే ఉందిగా," అనేవాణ్ణి తలుపు దగ్గర నుంచి.

"ఉంది. వచ్చే వారం ఎలా ఉంటుందో చెప్పలేం."

"అవును, చెప్పలేం. చూసుకోవడమే మంచిది."

"ఈ గోడలు అసలు నమ్మకస్తులు కావు," అని డోరీన్ కీబోర్డు మీంచి తల ఎత్తకుండా వంత పాడేది.

ఒక శుక్రవారం సాయంకాలం ఇద్దరం కలిసి పాన్‌కేకులు తినడానికి వెళ్ళాం. నేను క్లినిక్ నుంచి, ఆమె పిల్లల క్లాసు నుంచి. ఆమె జడలో ఆకుపచ్చ రంగు అంటుకుని ఉంది. ఆర్డరు తీసుకుని వెళ్ళిన అమ్మాయి తిరిగి వచ్చేసరికి, నేను గోడకి తల ఆనించి, ఐలా చేతుల మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాం. ప్రేమలో పడ్డవాళ్ళు ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటారని అంటారు. మేము ఎదురెదురుగా కూర్చుని చక్కగా కళ్ళు మూసుకున్నాం.

"ప్లేట్లు పెట్టనా? దుప్పట్లు తేనా?" అంది ఆ అమ్మాయి.

సిగ్గుతో లేచి, పొట్టలు పట్టుకుని నవ్వుకున్నాం. అంతవరకూ నన్ను 'మీరు' అంటున్న మనిషి ఆ నవ్వులో 'నువ్వు'లోకి దిగిపోయింది. ఏ మాత్రం కష్టం లేకుండా నేనూ దిగాను.

"నీకు ఎవరూ లేరా రెంజో, ఇంటికి పోయి పడుకో అని తిట్టేవాళ్ళు?"

"మా అమ్మ ఉంది. ఫోన్లో తిడుతుంది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే నిద్రపోతాను. నీకో?"

"నాకు నాన్నున్నాడు. తిట్టడు. మాట్లాడితేగా తిట్టడానికి."

ఎర్కి కోర్పి కాగితం మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. గ్యారేజీలో బొమ్మలు వేస్తాడు. బొమ్మలంటే గీతలు. తెల్లటి గుడ్డ మీద అడ్డంగా, నిలువుగా, పొడుగ్గా గీతలు. స్కేలు ముట్టడు. "టేపు అతికించి గీత గీసేవాడు పోయి గోడలకి సున్నం కొట్టుకోవాలి" అంటాడట. చిన్నప్పుడు గాలం ముల్లు తగిలి ఎడమ కన్ను పోయింది. ఉన్న కుడికంటితోనే వెంట్రుక మందం గీత అటు నుంచి ఇటు దాకా తిన్నగా లాగుతాడు. ఐలా వాళ్ళమ్మ ఆస్పత్రిలో పోయాక మాట మానేశాడు, కుంచె మానేశాడు, నాలుగేళ్ళు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు, డాక్టర్ల మొహం చూడనని ఒట్టు పెట్టుకున్నాడు.

"పోయిన ఏడాది మళ్ళీ మొదలుపెట్టాడు," అంది ఐలా. ఆ ఒక్క మాటకే ఆమె మొహంలో అలసట పోయింది. "పెద్దది వేశాడు. గ్యాలరీ వాళ్ళు చూసి, 'ఈ వయసులో ఎంత కొత్త శైలి' అని తీసుకున్నారు. ఆ రోజు ఇంటికొచ్చి యాలకుల రొట్టె చేశాడు తెలుసా? చేస్తూ ఈల వేశాడు."

"ఇప్పుడు మాట్లాడుతున్నాడా మరి?"

"మున్సిపాలిటీ వాళ్ళని తిట్టడానికి మాట్లాడుతున్నాడు. రోడ్డు మధ్య గీత వంకరగా వేశారట. ఒక్క వెధవకీ చెయ్యి తిన్నగా రాదంటాడు. వాళ్ళకి ఫోన్ చేసి మరీ తిడుతున్నాడు!"

ఇద్దరం నవ్వాం. కళ్ళ డాక్టరుని నేను. నిద్ర మత్తులో ఉన్నాను. పాన్‌కేకు బాగుంది. ఎదురుగా ఉన్న అమ్మాయి ఇంకా బాగుంది. ఆ మాట నా చెవిలో పడి, అటు నుంచి అటే వెళ్ళిపోయింది.

మార్చిలో బొమ్మలు మార్చే రోజు వచ్చింది. ఆ ఉదయం ఐలా ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని వచ్చింది. పసుపుపచ్చ బొమ్మ తీసి, దానికి రెండింతలున్నది తగిలించింది.

"ఇది నాన్నది. గ్యాలరీ బయట ఒక గోడ మీదికి రావడం ఇదే మొదటిసారి. చూడు రెంజో!"

నేను చీకటి గదిలో ఉన్నాను, ఒకరి గడ్డం పట్టుకుని. తలుపు సందులోంచి చూసి, "చాలా బాగుంది!" అని అరిచాను. ఆమె మురిసిపోతూ వెళ్ళింది.

పావుగంట కాలేదు, డోరీన్ పరిగెత్తుకొచ్చింది. డోరీన్ పరిగెత్తడం నేను చూడలేదు ఎప్పుడూ.

"ముగ్గురు ఏడుస్తున్నారు. ఒకాయన వీలునామా రాయాలంటున్నాడు. రండి!"

నా పేషెంట్లలో సగం మంది రెటీనా అరిగిపోతున్న పెద్దవాళ్ళు. వాళ్ళందరికీ రెండేసి గళ్ళ కార్డులిచ్చి, ఒకటి ఫ్రిజ్ మీద అంటించుకోమంటాను, ఒకటి దగ్గర ఉంచుకోమంటాను. రోజూ పొద్దున్నే ఒక కన్ను మూసి రెండో కంటితో చూడాలి. గీతలు తిన్నగా కనిపిస్తే సరే. వంగినట్టు కనిపిస్తే కంటి వెనక నీరు చేరినట్టు, వెంటనే పరిగెత్తుకు రావాలి. ఈ పాఠం వాళ్ళకి ప్రార్థనలా నోటికి వచ్చు.

హాల్లోకి వెళ్ళి చూద్దును కదా, అందరూ గోడకేసి తిరిగి ఒక చేత్తో ఒక కన్ను మూసుకుని నిలబడ్డారు. ఒకసారి కుడి కన్ను, ఒకసారి ఎడమ కన్ను.

"రెండూ పోయాయి డాక్టర్‌గారూ!" అని మిసెస్ బొండార్ నా చెయ్యి పట్టుకుని బావురుమంది. "పొద్దున కార్డు బాగానే కనపడింది. ఇక్కడ కూర్చున్నాక పోయాయి! చెప్పాను, ఈ హాల్లో కూర్చుంటేనే జబ్బులొస్తాయని!"

నేను గోడ మీది బొమ్మ చూశాను. గబగబా నేనూ ఒక కన్ను మూసుకున్నాను, తర్వాత రెండోది.

గీతలు నిజంగానే వంగి ఉన్నాయి.

"మీ కళ్ళు బాగానే ఉన్నాయి! బొమ్మే అంత!" అని నేను అరవగానే ఎంత నవ్వు, ఎంత కోపం! నవ్వలేనిది నేనొక్కణ్ణే. దగ్గరికి వెళ్ళి చూశాను. చెయ్యి వణికితే గీత పొడుగునా అదురు ఉంటుంది. ఇక్కడ అదురు లేదు. అంచుల్లో గీత బాణంలా ఉంది. మధ్యకి వచ్చేసరికి ప్రతి గీతా నున్నగా పక్కకి ఒరిగి, మళ్ళీ దారిలో పడుతోంది. అప్పుడు గుర్తొచ్చింది, మున్సిపాలిటీ వాళ్ళు వేసిన వంకర గీత.

సాయంత్రం ఐలా వచ్చింది. డోరీన్ అప్పటికే జరిగింది చెప్పేసింది కాబోలు, నవ్వుతూ వచ్చింది.

"నాన్న బొమ్మ ఊరిని ఏడిపించిందట!"

"ఐలా, ఒక మాట అడుగుతాను. ఈ గీతలు మీ నాన్నగారు కావాలనే వంచారా?"

నవ్వు ఆగిపోయింది. "ఏం?"

"చెప్పు."

"కొత్త శైలి. గ్యాలరీ వాళ్ళన్నారుగా."

"ఆయన ఏమన్నారు?"

ఆమె కోటు బొత్తాలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. "నువ్వు అసలు బొమ్మ చూశావా రెంజో, లేకపోతే బొమ్మకి కూడా రోగం చూశావా? ఎక్కడికెళ్ళినా డాక్టరువేనా?"

"బొమ్మని చూసి జబ్బు చెప్పడం తప్పే. నేను పొరబడి ఉండొచ్చు. కానీ ఆయనకున్నది ఒక్క కన్ను. అందులో నీరు చేరితే వారాలు కూడా ఆగకూడదు. ఇంజెక్షన్ ఇస్తే నిలబడుతుంది. ఆలస్యమైతే మధ్యలో చూపు పోతుంది, మళ్ళీ రాదు. ఒక్కసారి తీసుకురా."

"రాడు."

"ఎందుకు రావాలో చెబితే వస్తారు."

"ఏమని చెప్పను?" బొత్తాలు వదిలేసి నా వైపు తిరిగింది. "నాన్నా, నువ్వు తిన్నగా గీశాననుకుంటున్నావు, అవన్నీ వంకర, నిన్ను పొగిడినవాళ్ళంతా ఆ వంకరనే పొగిడారు అని చెప్పనా? నాకు తెలుసు రెంజో! మొదటి రోజునుంచీ తెలుసు! వయసనుకున్నాను, చెయ్యి వణుకుతోందనుకున్నాను. చెబితే కుంచె కిందపెడతాడు. మళ్ళీ ఆ గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. ఆ నాలుగేళ్ళు నువ్వు చూళ్ళేదు. నేను చూశాను. నాకింకా చూసే ఓపిక లేదు."

తలుపు వేసిన చప్పుడుకి డోరీన్ బల్ల మీద పెన్నులు ఎగిరిపడ్డాయి.

తర్వాత ఫోన్ చేస్తే ఎత్తలేదు. వారం తిరిగింది, ఆమె రాలేదు. పేషెంటు కాని మనిషి ఇంటికి వెళ్ళి 'కన్ను చూపించు' అనడానికి నాకు హక్కు లేదు. ఒకసారి మాత్రం కారులో వాళ్ళ వీధి దాకా వెళ్ళి, సిగ్గుపడి వెనక్కి వచ్చేశాను. రోజంతా ఊళ్ళోవాళ్ళ కళ్ళు చూస్తున్నాను, ఆ ఒక్క కన్ను తప్ప. ఆమె మీద బెంగ ఒక పక్క, ఆ ముసలాయన మీద భయం ఒక పక్క. రెండూ కలిసి నన్ను పిప్పి చేశాయి.

బొమ్మని తీసుకుపోయేవాళ్ళు రాలేదు కనుక అది గోడ మీదే ఉంది. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళూ హడలిపోతుంటే, డోరీన్ ఒక అట్ట మీద లావు అక్షరాలతో రాసి పక్కన అంటించింది: "గీతలు నిజంగానే వంకర. మీ కళ్ళు బాగానే ఉన్నాయి. కూర్చోండి."

గురువారం మధ్యాహ్నం బయట గొడవ వినిపించింది.

"ఎవడు రాశాడీ అట్ట? ఏ గాడిద రాశాడు?"

"గాడిద ఇక్కడే ఉంది, చెప్పండి," అంది డోరీన్ గొంతు.

నేను తలుపు తీసి చూశాను. గళ్ళ కోటు వేసుకున్న పొడవాటి ముసలాయన, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అపాయింట్‌మెంటు లేదు. తన బొమ్మ గురించి జనం ఏమనుకుంటున్నారో వినాలని, ఎవరికీ చెప్పకుండా వచ్చి పేషెంట్లలో కలిసి కూర్చున్నాడట. పక్కనున్నావిడ గట్టిగా ఆ అట్ట చదివిందట.

"వంకరేంటి? ఎక్కడుంది వంకర?" అని బొమ్మ దగ్గరికి వెళ్ళి వేలితో చూపించాడు. "ఇదిగో, ఇక్కణ్ణుంచి ఇక్కడికి. తాడు లాగినట్టు ఉంది. మీకెవరికీ కళ్ళు లేవా?"

హాల్లో పత్రికలన్నీ కిందికి దిగాయి. ఆ హాల్లో ఉన్నవాళ్ళకి బొమ్మల గురించి తెలియకపోవచ్చు, ఈ ఒక్క విషయం మాత్రం తెలుసు.

మిసెస్ బొండార్ మెల్లిగా లేచింది. "ఏమండీ, మీకు ఇవి తిన్నగా కనపడుతున్నాయా?"

"తిన్నగా ఉన్నాయి కాబట్టి కనపడుతున్నాయి!"

ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి గళ్ళ కార్డు తీసింది. దాన్ని వదిలి ఎక్కడికీ వెళ్ళదు. "ఇది చూడండి. ఎలా ఉంది?"

ఆయన చూశాడు. కార్డుని దూరంగా పెట్టాడు, దగ్గరగా పెట్టాడు. "దీన్నీ ఆ మున్సిపాలిటీ వాళ్ళే గీశారా?" అన్నాడు. కానీ గొంతులో కోపం తగ్గింది.

పక్కాయన తన కార్డు ఇచ్చాడు. వెనక వరసలో ముసలావిడ తనదీ ఇచ్చింది. చుట్టూ చేతులు, చేతుల్లో కార్డులు. అన్నీ ఆయనకి మధ్యలో వంగే కనిపించాయి.

"డాక్టర్‌గారూ," అంది మిసెస్ బొండార్. "నా నంబరు ఈయనకివ్వండి. నేను నిదానంగా చూపించుకుంటాను."

ఎర్కి నా ముందు కుర్చీలో కూర్చుని గడ్డం మిషన్ మీద పెట్టాడు. నేను అనుకున్నదే. కుడికంటి వెనక నీరు, కొద్దిగా రక్తం. ఇన్నాళ్ళూ నెమ్మదిగా చేరడం అదృష్టం, మధ్యభాగం ఇంకా బతికే ఉంది. ఆ రోజే ఇంజెక్షన్ ఇవ్వాలని చెప్పాను. ఆయన ఒక్కటే అడిగాడు.

"మా అమ్మాయికి తెలుసా, అవి వంకరని?"

సమాధానం చెప్పవలసింది నేను కాదు. అప్పటికే డోరీన్ ఫోన్ చేసింది. ఐలా లారీతో సహా వచ్చింది, కోటు కూడా లేకుండా.

"పికప్ బండి నడుపుకుంటూ వచ్చావా నాన్నా! ఆ కంటితో!"

"రోడ్డు వంకరగా ఉంది. నేను బాగానే నడిపాను. కూర్చో. నీకు తెలుసా?"

ఆమె నాకేసి చూసింది. నేను తల అడ్డంగా ఊపాను, చెప్పలేదని.

"తెలుసు," అంది.

"ఎప్పట్నుంచి?"

"నువ్వు గీసినప్పట్నుంచి."

"మరి చెప్పలేదేం?"

"ఆ రోజు నువ్వు ఈల వేశావు నాన్నా."

ముసలాయన పెద్ద చెయ్యి చాచి, రంగు అంటుకున్న ఆమె జడని సవరించాడు.

"పిచ్చి తల్లీ. ఈలదేముంది, గుడ్డివాడైనా వేస్తాడు. గీత గియ్యడానికి కన్ను కావాలి."

ఇంజెక్షన్ అయ్యాక బయట నడవాలో ఐలా గోడకి ఆనుకుని నిలబడింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది.

"నిన్ను అన్న మాటలకి సారీ చెప్పాలి రెంజో. ఇవాళ ఓపిక లేదు."

"రేపు చెప్పు."

"రేపు క్లాసుంది."

"నీకు వీలైనప్పుడు చెప్పు. నేనెక్కడికీ పోను, నత్తని కదా."

ఆమె నవ్వబోయి మళ్ళీ ఏడ్చింది. నేను పక్కనే నిలబడ్డాను. లోపల పేషెంట్లు ఎదురుచూస్తున్నారు. ఒక్కళ్ళూ గొణగలేదు.

నెలకోసారి ఇంజెక్షన్. నీరు తగ్గింది. కానీ ఎర్కి గ్యారేజీ తలుపు తియ్యలేదని ఐలా చెప్పేది. తీసుకొచ్చి కూర్చోబెట్టేది, తీసుకెళ్ళేది. హాల్లో ఆయన బొమ్మ ఉన్న గోడకి వీపు చూపిస్తూ కూర్చునేవాడు. సరిగ్గా తను భయపడ్డదే జరిగిందని ఆమె పైకి అనేది కాదు. నాతో మామూలుగానే మాట్లాడేది, కానీ ఆ మాటల్లో రసమట్టాలూ లేవు, పాన్‌కేకులూ లేవు. ఆయన్ని నేను గుడ్డితనం నుంచి తప్పించి గోడకేసి చూసే మనిషిగా మార్చానా అని నాకు దిగులుగా ఉండేది.

జూన్‌లో నాలుగో ఇంజెక్షన్. కన్ను మొద్దుబారే మందు వేసి, నేను సూది దగ్గరికి తెచ్చాను.

"కదలకండి."

"నేను కదల్లేదు," అన్నాడు ఎర్కి. "అబ్బాయ్, మా ఇంట్లో నీ పేరు తెగ వినపడుతోంది. రెంజో ఇలా అన్నాడు, రెంజో తిన్నాడో లేదో, రెంజో వెధవ. ఏంటి సంగతి?"

సూది వెనక్కి తీశాను.

"ఇప్పుడు ఎవరు కదిలారు?" అన్నాడు.

"సార్, ఒక్క నిమిషం ఏమీ అడక్కండి."

"సూది వెయ్యి. తర్వాత జవాబు చెప్పు."

వేశాను. జవాబుకి ముందే తలుపు తీసి పట్టుకున్నాను. ఆయన లేచి నెమ్మదిగా హాల్లోకి నడిచాడు. ఐలా ఎదురొచ్చి చెయ్యి పట్టుకోబోయింది. ఆయన విడిపించుకుని, ఇన్నాళ్ళూ వీపు చూపించిన గోడకేసి తిరిగాడు. బొమ్మ ముందు నిలబడి ఒక్కో గీతనే చూసుకుంటూ వెళ్ళాడు. కంట్లో మందు ఉంది, చూపు మసకగానే ఉంటుంది. అయినా వంపు కనిపించింది. ఐలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఊఁ. వంకరే," అన్నాడు.

వేలితో ఆ వంపు వెంట గాలిలో గీశాడు.

"బాగానే ఉంది. చెడ్డగా ఏం లేదు. కానీ నేను గీద్దామనుకున్నది ఇది కాదు." టోపీ పెట్టుకున్నాడు. "అంటే అది ఇంకా గియ్యాలన్నమాట. ఐలా, పోతూ పోతూ గుడ్డ కొనుక్కెళదాం. పెద్దది."

ఐలా అక్కడే కుర్చీలో కూలబడింది. చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది, సంతోషంతో. ఇదే హాల్లో ఒకసారి బావురుమన్న మిసెస్ బొండార్ ఆమె వీపు నిమిరింది.

అప్పుడు తోచింది నాకు. సాయంత్రానికి నా నోట మాట రాదు. రేపు ఆమెకి క్లాసు. ఎల్లుండి నేను ఆస్పత్రిలో. అలసిపోయినవాళ్ళకి మంచి సమయం అంటూ విడిగా రాదు.

"ఐలా," అన్నాను అందరి ముందే. "హాలు నిండా పేషెంట్లున్నారు. అందుకే ఇప్పుడే చెప్పేస్తున్నాను. నువ్వంటే నాకు ప్రాణం. నువ్వు వస్తావేమోనని రోజూ తలుపుకేసి చూస్తున్నాను. నాకు పెద్ద పెద్ద మాటలు రావు, తిరిగే ఓపిక లేదు. కానీ నీ పక్కన అలసిపోవడం నాకిష్టం."

"నా నంబరు పిలిచి తర్వాత ప్రేమించుకోకూడదా?" అన్నాడు వెనక నుంచి ఒకాయన.

"నోర్మూసుకో," అంది మిసెస్ బొండార్.

ఐలా కళ్ళు తుడుచుకుని లేచింది. "నేను నాన్నని వదిలి రాను."

"రమ్మనలేదు. నన్నే రానియ్యి."

"నాకు వంట సరిగ్గా రాదు. ఇల్లంతా రంగు డబ్బాలే."

"సరే."

"నీకు సారీ ఇంకా చెప్పలేదు."

"చెప్పకు. ఊరికే 'ఊఁ' అను, చాలు."

ఆమె 'ఊఁ' అనలేదు. తండ్రికేసి చూసింది. ఎర్కి తలుపు దగ్గర నిలబడి, కోటు బొత్తాలు ఒక్కొక్కటే తీరిగ్గా పెట్టుకుంటున్నాడు.

"శనివారం సౌనా వేడి చేస్తున్నాను," అన్నాడు నాతో, తల తిప్పకుండా. "ముగ్గురికి చోటుంటుంది." తలుపు తీసుకుని ఎండలోకి వెళ్ళిపోయాడు.

ఐలా ఆ మూసుకున్న తలుపుకేసే చూస్తూ నిలబడింది. వాళ్ళ పెరట్లో, ఇంటిల్లిపాదీ కలిసి కూర్చునే ఆ ఆవిరి గది ఉందని నాకు తెలుసు. దాని పొయ్యి గురించే ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

"అమ్మ పోయాక ఆ పొయ్యి వెలిగించలేదు రెంజో," అంది మెల్లగా.

అంతమంది చూస్తుండగానే వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె వేళ్ళు నా వేళ్ళని గట్టిగా బిగించాయి.

"ఎన్నింటికి రావాలి?" అని అడిగాను.

"పొద్దున్నే వచ్చెయ్," అంది ఐలా. "కట్టెలు నువ్వే కొట్టాలి."